క్వాలిటీ గ్రూపులో మూడో మనిషి

షాలోమి సంతకం పెట్టనంది. ఎందుకు పెట్టాలి? చెయ్యని తప్పు చేశానని కాగితం మీద రాసి, కింద తన పేరు పెట్టి, ఆ పేరుతోనే మర్నాడు ల్యాబులో ఎలా కూర్చుంటుంది? నూజివీడు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చెడిపోయిన సరుకు బయటికి వదిలిన కెమిస్టు అని ఒకచోట ముద్ర పడితే మిగతా చోట్ల గేటు కూడా దాటనివ్వరు. ఆ సంగతి మేనేజరు ప్రసాద్‌కి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. తెలిసే ఆ కాగితాన్ని శుభలేఖ ఇచ్చినంత మర్యాదగా రెండు చేతులా అందించాడు. పొరపాటున నొక్కానని ఒక్క ముక్క రాసిస్తే ఉద్యోగం తియ్యరట. ల్యాబులోంచి మార్చి యార్డులో కాయలు తూచే చోట వేస్తారట. పైగా అది తాను చేస్తున్న ఉపకారమట.

షాలోమి ఎలాంటి మనిషో తెలిస్తేగానీ ఆ కాగితం ఎంత దుర్మార్గమో తెలియదు. వాళ్ళ నాన్న సలోమోను రెడ్డిగూడెం వైపు తోటల్లో కాపలాదారు. మామిడి పూతకి వచ్చింది మొదలు ఆఖరి కాయ కోసేదాకా ఆయన కాపురం తోటలోని పాకలోనే. తల్లి ఇన్నమ్మ కోతల్లో కాయలు ఏరేది, కోతలు లేని రోజుల్లో వరి నాట్లకీ కలుపుకీ వెళ్ళేది. కూతుర్ని మిషన్ బడిలో వేసి, తర్వాత నూజివీడులో డిగ్రీ చదివించారు. కెమిస్ట్రీ చదివిన పిల్ల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనికి కుదిరింది. నామోషీ అనుకోలేదు. కడుగుతూనే పరీక్షలు నేర్చుకుంది, పరీక్షలు చేస్తూ చేస్తూ ల్యాబు ఇన్‌ఛార్జి అయింది.

నోరు మాత్రం గట్టిది. కార్బైడు వేసి మాగించిన కాయ వస్తే, తెచ్చినవాడు ఎంత పెద్ద షావుకారైనా సరే, ట్రాక్టరు ట్రాక్టరంతా వెనక్కి తిప్పేది. మొహమాటం అనేది ఆ మనిషి ఒంట్లో లేదు. ఏదున్నా కుండ బద్దలు కొట్టినట్టు చెప్పెయ్యడమే. దళారులు ఆవిడ వెనక నానా మాటలూ అనుకునేవాళ్ళు. ఇంట్లో ఇన్నమ్మ కూడా, నీ నోటికో గేటు పెట్టించి మీ నాన్నని కాపలా ఉంచాలే అని తిడుతుండేది. తిట్టినా లోపల గర్వమే. ఎందుకంటే షాలోమి బాగుందన్న సరుకు ఏనాడూ వెనక్కి రాలేదు. ఆవిడకున్న ఆస్తి అదొక్కటే.

ఇక్కడ కాస్త కంప్యూటరు గోల చెప్పాలి, విసుక్కోకండి. ఫ్యాక్టరీలో గుజ్జు డ్రమ్ములకెత్తాక ప్రతి లాటుకీ ల్యాబులో పరీక్ష జరగాలి. అన్నీ బాగుంటే కంప్యూటర్లో విడుదల అని ఒక బటన్ నొక్కుతారు. అది నొక్కితేనే లారీకి గేటు పాసు పుడుతుంది. ఆ బటన్ అందరికీ కనపడదు. ఆఫీసు కంప్యూటర్లకి డైరెక్టరీ అని ఒకటుంటుంది. ఎవరు ఉద్యోగి, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారు, ఎవరికి ఏది తెరుచుకుంటుంది అన్నదంతా అందులోనే. క్వాలిటీ అనే గ్రూపులో పేరున్నవాళ్ళకే ఆ బటన్ కనపడుతుంది. అందులో ఉన్నది షాలోమి, ఆవిడ అసిస్టెంటు సుజాత, అంతే. ఆ గ్రూపు పేరు మీద మెయిల్ కొడితే అందులో ఉన్నవాళ్ళందరికీ చేరుతుంది. అందుకని సుజాతకి ఏం చెప్పాలన్నా షాలోమి ఆ గ్రూపుకే మెయిల్ కొట్టేది.

చవగ్గా వస్తుందని కొన్న ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక రోగం ఉంది. బటన్ నొక్కిన మనిషి ఎవరో అది రాసుకోదు. ఏ గ్రూపువాళ్ళు నొక్కారో మాత్రం రాసుకుని ఊరుకుంటుంది. ఊళ్ళో దొంగతనం జరిగితే ఏ ఇంటిపేరు వాడు చేశాడో చెప్పి, ఆ ఇంట్లో ఎవడో మీరే తేల్చుకోండి అన్నట్టు.

మే నెలలో, సీజను మంచి పొగరు మీదున్నప్పుడు, కలెక్టరు రకం మామిడి గుజ్జు లాటు ఒకటి షాలోమికి తేడాగా అనిపించింది. ఆ కాయలు ట్రాక్టర్లలో ఎండకి మాడుతూ యార్డు బయట చాలాసేపు నిలబడిపోయాయి. గుజ్జులో క్రిములు పెరిగేదీ లేనిదీ ల్యాబు ప్లేటు మీద తేలాలంటే కొన్ని రోజులు ఆగాలి. అప్పటిదాకా ఈ లాటు కదలకూడదని కంప్యూటర్లో ఆపేసింది. అరవదేశం నుంచి జ్యూసు కంపెనీ లారీ వచ్చి గేటు దగ్గర కాచుకుని ఉంది. ప్రసాద్ ఒకటికి రెండుసార్లు ల్యాబుకి వచ్చి అడిగాడు. కుదరదంది. మర్నాడు ఆవిడ సెలవు.

సెలవు ఎందుకంటే ఆ రోజు సలోమోను పోయి ఏడాది. నిరుడు ఎండల్లో, తోటలోనే, పాక ముందు మంచం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వాలిపోయాడు. ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తారు, నలుగురూ పాటలు పాడతారు, పోయినాయన గురించి తలో మాటా చెబుతారు, తర్వాత భోజనాలు. సీజను మధ్యలో ఎవరూ కదల్లేరని షాలోమి ఆఫీసువాళ్ళని పిలవలేదు. ఒక్క సుజాతకి మాత్రం చెప్పకుండా ఉండలేక ముందురోజు సాయంత్రం మెయిల్ కొట్టింది. రేపు మా నాన్న కూడిక, రాగలిగితే రండి, రాలేకపోతే ఉన్నచోటే మా కోసం ప్రార్థన చెయ్యండి అని. సుజాత చింతలపూడిలో పుట్టింట్లో పురిటికి వెళ్ళి ఉంది, రావడం కుదరదని తెలుసు. అయినా చెప్పుకోవడం ఒక తృప్తి.

కూడిక అయింది. షాలోమి తిరిగి పనిలోకి వచ్చేసరికి ఆ లాటు కనపడలేదు. అడిగితే వేరే గోడౌనుకి మార్చామన్నాడు ప్రసాద్. ముహూర్తాల పెళ్ళిళ్ళలా ట్రాక్టర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్న రోజులవి. సరే కాబోలు అనుకుంది. మూడో వారంలో లారీ వెనక్కి వచ్చింది. డ్రమ్ముల్లో సంచులు ఉబ్బి, మూత తీస్తే కల్లు వాసన. కంప్యూటరు తెరిచి చూస్తే, ఆ లాటుని కూడిక రోజున క్వాలిటీ గ్రూపు విడుదల చేసింది అని ఉంది.

ప్రసాద్ తన గదిలో కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. గ్రూపులో ఉన్నది ఇద్దరు. ఒకరు పురిట్లో ఉన్నారు. ఇక మిగిలింది ఎవరు? ఆ రోజు తాను ఫ్యాక్టరీకే రాలేదు కదా అంది షాలోమి. దానికీ సమాధానం సిద్ధంగా ఉంది. బటన్ ఫోన్లోంచి కూడా నొక్కొచ్చట, ఇంట్లో హడావుడిలో చెయ్యి తగిలి ఉంటుందట. విన్నారా? నాన్న ఫోటో ముందు కూర్చుని, పాస్టరు గారు వాక్యం చదువుతుంటే, ఈవిడ ఫోన్ తీసి పులిసిపోయిన గుజ్జుని అరవదేశానికి పంపిందట. షాలోమికి ఒళ్ళు మండిపోయింది.

కంప్యూటర్లు చూసే సంతోష్ కుమార్‌ని పిలిపించమంది. అతను ఆ ఊరి కుర్రాడే, ఎవరి ప్రింటరు ఆగినా పరిగెత్తుకొచ్చేవాడు. గ్రూపులో ఎవరున్నారో చూడమంటే చూశాడు. ఇద్దరే ఉన్నారండి అన్నాడు. ఇప్పుడు కాదు, ఆ రోజు ఎవరున్నారని అడిగింది. అది తెలియదన్నాడు. గ్రూపులో ఎవర్ని చేర్చినా, ఎవర్ని తీసేసినా కంప్యూటరు రాసుకునే వీలుంది గానీ, దానికి చోటు సరిగా ఇవ్వలేదట. కొద్ది రోజులకే పాతది చెరిపేసుకుని దాని మీదే కొత్తది రాసుకుంటుందట. ఇదంతా నేలచూపులు చూస్తూ చెప్పాడు.

"సంతోషూ, మా నాన్న తోట కాపలా కాసేవాడు. సాయంత్రం చూస్తే తోటలో ఎవరూ లేరు కాబట్టి పొద్దున్న ఎవరూ రాలేదు అని ఆయన చెబితే, ఆసామి ఊరుకునేవాడా?" అంది షాలోమి.

సంతోష్ కుమార్ తల ఇంకా కిందికి దించుకున్నాడు. ప్రసాద్ మాత్రం నవ్వి, ఇది తోట కాదు షాలోమి గారూ, కంపెనీ అన్నాడు. అవునులెండి, తోటైతే ఇంత అధ్వానంగా ఉండదు. శనివారం బెజవాడ నుంచి ఛైర్మన్ గారు వస్తున్నారని, ఆలోపు కాగితం రాసిస్తే మంచిదని, లేకపోతే తన చేతుల్లో ఏమీ ఉండదని చెప్పి పంపించాడు. ఛైర్మన్ ఈయనకి మేనత్త కొడుకు. చేతుల్లో ఏమీ ఉండదంటే నమ్మాలి మరి.

ఆ సాయంత్రం షాలోమి ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఇన్నమ్మ కాఫీ తెచ్చి చేతికిచ్చి, జరిగిందంతా విని, ప్రసాద్‌ని వాళ్ళ ఏడు తరాలతో కలిపి తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయాక ఒక నిట్టూర్పు విడిచింది. అందరూ ఆ ప్రసాద్ లాంటివాళ్ళే ఉండరులే, మీ ఆఫీసులోనూ పెద్దిరాజు గారి లాంటి పెద్దమనుషులు ఉన్నారు, పాపం ఆయన కూడికకి పెద్ద రసాల గంప నెత్తిన పెట్టుకుని మరీ వచ్చాడు, పాటలు రాకపోయినా చివరిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు, నువ్వు పిలవడం మంచిదైంది అంది.

పెద్దిరాజు కొనుగోళ్ళ మనిషి. తోటలకి తిరిగి కాయ బేరం చేసి, యార్డులో దింపించుకునే పని ఆయనది. ఉంగుటూరు నుంచి మోటారు సైకిలు మీద వస్తాడు. షాలోమికి కనపడితే పలకరింపే తప్ప అంత దగ్గరితనం లేదు.

"నేను పిలవలేదే అమ్మా," అంది షాలోమి. "తోటల్లో నీకు తెలిసినాయన కదా, నువ్వు పిలిచావనుకున్నా."

"నేనెక్కడ పిలిచానే? మీ ఆఫీసాయన కదా, నువ్వే పిలిచావనుకున్నా."

తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిలవకుండా ఒకరింటి భోజనానికి వెళ్ళే మనిషి కాదు పెద్దిరాజు. ఆ మాటకొస్తే ఈ పక్క ఏ మనిషీ వెళ్ళడు. పిలవని పేరంటం అంటే ప్రాణం పోయినంత పని. మరి ఆయన్ని పిలిచిందెవరు? షాలోమి కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఆ కూడిక సంగతి తాను ఆఫీసులో చెప్పింది ఒక్క చోటే.

మర్నాడు పొద్దున్నే యార్డుకి వెళ్ళింది. పెద్దిరాజు ట్రాక్టరు పక్కన నిలబడి కాయ వాసన చూస్తున్నాడు. బాబాయ్ గారూ, మా నాన్న కూడిక సంగతి మీకెలా తెలిసిందని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయాడు. అదేంటమ్మా, నువ్వేగా పిలిచావు అని జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో నెమ్మదిగా జరుపుతూ ఆ మెయిల్ చూపించాడు. ఇంత సీజనులోనూ గుర్తుపెట్టుకుని పిలిచావు, రాకపోతే ఎలా ఉంటుంది అన్నాడు. మెయిలు పైన క్వాలిటీ గ్రూపు పేరుంది.

ఆ రోజు కంప్యూటర్లో ఏమైనా నొక్కారా అని అడిగితే, నొక్కానే అన్నాడు, దాచాల్సింది ఏముందన్నట్టు. ల్యాబులో ఎవరూ లేరని, నీ ఫోన్లో కొత్తగా ఒక బటన్ కనపడుతుంది నొక్కమని ప్రసాద్ గారు ఫోన్ చేసి చెప్పారట. కూడిక నుంచి తిరిగి వెళ్తూ దారిలో బండి ఆపి నొక్కాడట. పరీక్షలన్నీ అయ్యాయనుకున్నాడు. మర్నాటి నుంచి ఆ బటన్ మళ్ళీ కనపడలేదు, ఆయనా పట్టించుకోలేదు.

అదీ సంగతి. ప్రసాద్ ఆ గ్రూపులో తన పేరు చేర్పించుకోలేదు చూడండి, ఎంత తెలివో. ఏ పాపమూ తెలియని ఒక పెద్దమనిషిని ఒక్క రోజుకి లోపలికి తోసి, ఆయన వేలితో నొక్కించి, తెల్లారేసరికి బయటికి లాగేశాడు. లోపలికి వచ్చినట్టూ గుర్తు లేదు, పోయినట్టూ గుర్తు లేదు. మిగిలిన గుర్తల్లా సలోమోను ఫోటో ముందు దించిన పెద్ద రసాల గంప. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు చేర్చారు అని రాసి పెట్టుకోవడం దండగ అనుకునే చోట ఇలాగే ఉంటుంది. తప్పు చేసినవాడు హాయిగా ఉంటాడు, మిగిలి ఉన్నవాడి మెడకి చుట్టుకుంటుంది.

శనివారం ఛైర్మన్ వచ్చాడు. గదిలో ఆయన, ప్రసాద్, గోడ పక్కన సంతోష్ కుమార్. కాగితం ఖాళీగానే టేబులు మీద ఉంది. షాలోమి తన వెంట పెద్దిరాజుని తీసుకువెళ్ళింది. కూర్చోమంటే ఆయన కూర్చోలేదు. లాటు విడుదల నొక్కింది నేనేనండి, ప్రసాద్ గారు నొక్కమన్నారు అని నిలబడే చెప్పాడు. అది చెబితే తనకేమవుతుందో ఆయన ఆలోచించినట్టు లేదు. నిజం అడిగారు, చెబుతున్నాడు.

ప్రసాద్ మొహం ఒక్క క్షణం మాడింది, అంతలోనే సర్దుకున్నాడు. తాను అలాంటి ఫోనే చెయ్యలేదన్నాడు. పెద్దిరాజు గ్రూపులోనే లేనప్పుడు బటన్ ఎలా కనపడుతుందన్నాడు. ఉంటే గింటే చూపించమన్నాడు. షాలోమి ఆ మెయిల్ చూపించింది. గ్రూపుకి పంపిన మెయిల్ ఈయనకి చేరిందంటే ఆ రోజు ఈయన గ్రూపులో ఉన్నట్టేగా అంది. దానికి ప్రసాద్ ఏమన్నాడో తెలుసా? ఆవిడే ఆ మెయిల్ ఈయనకి విడిగా పంపి ఉంటుంది, వాళ్ళ నాన్న కూడికకి పిలుచుకుంది, ఇప్పుడు ఇద్దరూ కలిసి నా మీద కథ అల్లుతున్నారు అన్నాడు. ఛైర్మన్ తల ఊపాడు. పిలిచారా అమ్మా అని అడిగాడు షాలోమిని.

ఇంత నోరున్న మనిషికి అప్పుడు నోరు పెగల్లేదు. పక్కనే పెద్దిరాజు ఉన్నాడు. ఆయన్ని పిలవలేదని చెబితేనే తన పేరు నిలబడుతుంది. చెబితే ఆయన పరువు ఆ గదిలోనే పోతుంది. పిలిచానని అబద్ధమాడితే ప్రసాద్ గెలుస్తాడు. తప్పు చేసింది ఒకడు, ఖర్మ ఎవరిదో చూడండి.

"పిలవలేదండి," అంది షాలోమి. "మా నాన్న కూడికకి ఆఫీసులో సుజాతకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పెద్దిరాజు గారిని నేను పిలవలేదు, మా అమ్మా పిలవలేదు. ఆయన గ్రూపులో ఉండబట్టే ఆ పిలుపు ఆయనకి చేరింది."

పెద్దిరాజు ఆవిడ వైపు తిరిగాడు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పిలవకుండా వచ్చానా అమ్మా?" అన్నాడు. "విస్తరి ముందు కూడా కూర్చున్నాను."

షాలోమికి కన్నీళ్ళు వచ్చాయి, కోపంతోనో బాధతోనో ఆవిడకే తెలియలేదు. అప్పుడు గోడ పక్కన నిలబడ్డ సంతోష్ కుమార్ ముందుకి వచ్చాడు. పెద్దిరాజు గారిని గ్రూపులో నేనే చేర్చానండి, షాలోమి అక్క సెలవుకి ముందురోజు ప్రసాద్ గారు ఫోన్ చేసి చేర్చమన్నారు, సెలవు మర్నాడు పొద్దున్న తీసెయ్యమన్నారు, తీసేశాను అని గబగబా చెప్పేశాడు. మరి ఇన్ని రోజులు ఎందుకు నోరు మూసుకున్నావని షాలోమి నిలదీసింది. రాసి ఉంటే చూపించేవాణ్ణి అక్కా, రాసి లేని మాట చెబితే నన్నే అబద్ధాలకోరంటారని భయపడ్డాను అన్నాడు. ఈ పెద్దాయన మొహం చూశాక ఇంక ఆగలేకపోయాను అన్నాడు. ఆ మాట అన్నందుకు అతన్ని క్షమించాలో, అప్పటిదాకా అననందుకు చెంప పగలగొట్టాలో షాలోమికి తెలియలేదు.

ఛైర్మన్ కాసేపు టేబులు మీద వేళ్ళు ఆడించాడు. ప్రసాద్‌ని చూడలేదు. ఆ కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకుని, మీ మీద ఏమీ లేదమ్మా, అయిపోయింది, మర్చిపోండి అన్నాడు. నొక్కినందుకు పెద్దిరాజు సంగతి చూస్తామన్నాడు. ఇదిగో, ఇక్కడ షాలోమి నోటి గేటు తెగింది. నొక్కించినాయన కుర్చీలో ఉండగా నొక్కినాయన సంగతి చూడటమేంటండీ అంది. పెద్దిరాజు గారి మీద ఈగ వాలినా తాను అరవదేశం కంపెనీకి స్వయంగా ఉత్తరం రాస్తానంది. మర్చిపోవడం తన వల్ల కాదంది. ఇవాళ తన అదృష్టం కొద్దీ ఒక పెద్దమనిషి రసాల గంప మోసుకుని వచ్చాడు, రేపు ఇంకొకళ్ళకి ఎవరు మోస్తారని అడిగింది. గ్రూపులో ఎవర్ని చేర్చినా, ఎవర్ని తీసినా, ఎవరు చేశారో, ఎందుకు చేశారో రాసి ఉండాలి, ఆ రాసింది చెరగకూడదు, అదే రోజు గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ కబురు అందాలి అంది.

దానికెంత ఖర్చవుతుందని ఛైర్మన్ సంతోష్ కుమార్‌ని అడిగాడు. పెద్దగా ఏం కాదండి, ఒక డిస్కు కొనాలి, ఒక సెట్టింగు ఆన్ చెయ్యాలి, నిరుడే అడిగాను, ప్రసాద్ గారు దండగన్నారు అన్నాడు. ఒక డిస్కు! ఒక ఆడమనిషి ఇన్నేళ్ళ కష్టం, ఒక ముసలాయన మర్యాద, ఇంత ముక్క ఇనుప పెట్టె కొనలేక పోగొట్టబోయారు వీళ్ళు. తూ.

తర్వాత ఏమైందంటారా? ప్రసాద్‌ని ఉద్యోగంలోంచి తీసేస్తారని మీరు ఎదురుచూస్తుంటే మీరు మరీ అమాయకులు. చిత్తూరు వైపు ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి మార్చారు, అదే జీతం, అదే కారు. డిస్కు కొన్నారు. ఇప్పుడు క్వాలిటీ గ్రూపులో చీమ దూరినా షాలోమికీ సుజాతకీ మెయిల్ వస్తుంది, చేర్చినవాడి పేరుతో సహా. పెద్దిరాజుని ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆయనే మానేశాడు. ఆ సోమవారం నుంచి యార్డుకి రాలేదు. ఒంట్లో బాగుండటం లేదని, సొంత పొలం చూసుకుంటానని కబురు పంపించాడు. అసలు కారణం ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియలేదు, షాలోమికి తప్ప.

ఫోన్ చేస్తే ఎత్తేవాడు, పొడిపొడిగా మాట్లాడి పెట్టేసేవాడు. మళ్ళీ మామిడి పూత వచ్చింది, పిందె అయింది, కోతలు మొదలయ్యాయి. సలోమోను రెండో ఏడు కూడిక దగ్గరపడింది. షాలోమి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి ఉంగుటూరు వెళ్ళింది.

పెద్దిరాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి లేచాడు, కానీ ఎదురు రాలేదు. లోపలికి రమ్మనలేదు, మంచినీళ్ళు అడగలేదు. ఈ పక్క ఇంటికొచ్చిన మనిషిని అలా మెట్ల కింద నిలబెట్టారంటే లోపల ఎంత గాయం ఉందో ఊహించుకోవచ్చు. షాలోమికి ఆయన మీద కోపం రాలేదు. వచ్చిన కోపమంతా చిత్తూరు వైపు పోయింది. మెట్ల కిందే నిలబడి, బుధవారం మా నాన్న కూడిక, మీరు రావాలి బాబాయ్ గారూ, పిన్ని గారిని కూడా తీసుకుని రావాలి అంది.

ఆయన కండువా భుజం మీద సర్దుకున్నాడు.

"ఈ పిలుపు నాకేనా అమ్మా?" అన్నాడు.

"మీకే బాబాయ్ గారూ. అందుకే మెయిల్ కొట్టకుండా బస్సెక్కి వచ్చాను."

పెద్దిరాజు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి, అమ్మాయి వచ్చింది మంచినీళ్ళు తీసుకురమ్మని భార్యకి చెప్పాడు. ఎండలో నిలబడ్డావేంటమ్మా, లోపలికి రా అన్నాడు.